చాయతో మింగిన ఐరన్ గోలీలు

ఆ రోజు కోరుట్లలో బీడీల ఖార్ఖానా మెట్లు ఎక్కుతుంటే సగంలోనే ఊపిరి అందలేదు. కళ్లకు చీకట్లు కమ్మి, ఉన్న మెట్టు మీదే కూలబడ్డాను. అప్పుడు నాకు ఐదో నెల. మొదటిసారి కడుపు నిలవలేదు కాబట్టి, ఈసారి ఏ చిన్న తేడా వచ్చినా భయపడేదాన్ని.

జగిత్యాల ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే హెచ్‌బి ఏడే వచ్చింది, పదకొండైనా ఉండాలట. ఏం తింటున్నావని డాక్టరమ్మ అడిగారు. రెండు పూటలా అన్నం, పచ్చడి అన్నాను. బీడీలు చుట్టే చాట ఒళ్లో పెట్టుకున్నాక మధ్యలో లేచేదెక్కడ? ఆకలేస్తే చాయ్. మా వాడకట్టులో అందరి బతుకూ అంతే.

"అన్నంతోని కడుపు నిండుతది గానీ రక్తం పడదమ్మా" అన్నారామె. పప్పు, గుడ్డు, తోటకూర, కార్జం అంటే మేక లివర్ తినమని చెప్పి ఐరన్ టాబ్లెట్లు రాశారు.

ఆ భారమంతా మా అత్త నెత్తిన వేసుకుంది. రోజుకో కూర వండేది. గోలి వేసుకుంటే నాకు వికారంగా ఉండేది. అందుకని అల్లం దంచి వేసిన చాయ్ ఇచ్చి, పక్కనే కూర్చొని మింగించేది. అలాంటి అత్త దొరకడం నా అదృష్టం. ఈ మాట ఇప్పటికీ అంటాను.

మరుసటి నెల చూస్తే హెచ్‌బి ఇంకా తగ్గింది. లోపల బిడ్డ ఎదుగుదల కూడా సరిగా లేదన్నారు. గోలీలు పారేస్తున్నానేమోనని డాక్టరమ్మకు అనుమానం వచ్చింది. అత్తకు రోషం పొడుచుకొచ్చింది.

"ఒక్క పూట తప్పలే మేడమ్. నేనే ఏడేడి చాయతోని మింగిస్తున్న."

"గా చాయనే ఐరన్‌ను ఒంటికి పట్టనిస్తలేదమ్మా" అన్నారు డాక్టరమ్మ.

ఇంటికి వచ్చే బస్సులో అత్త నా చెయ్యి పట్టుకుని, "నీ రక్తం నేనే ఆపిన్నా బిడ్డా?" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఐరన్ నేరుగా రక్తంలోకే చేరేలా ఐరన్ సుక్రోజ్ ఇంజెక్షన్లు నరానికి ఎక్కించారు. తర్వాత గోలి నిమ్మకాయ నీళ్లతో వేసుకున్నాను. హెచ్‌బి మెల్లగా పెరిగింది. నాతోపాటు అత్త కూడా చాయ్ మానేసింది. ఎంత చెప్పినా వినలేదు.

ఇప్పుడు నా కూతురు గోడ పట్టుకుని నడుస్తోంది. మీ ఇంట్లో ఎవరైనా ఐరన్ గోలీలు వాడుతుంటే, అన్నిటికంటే ముందు వాటిని దేనితో మింగుతున్నారో అడగండి. చాయ్, పాలు గంటా రెండు గంటలు ఆగాకే తాగనివ్వండి.

కాన్పు గదిలోంచి పాపను తెచ్చి తన చేతుల్లో పెట్టినప్పుడు, అత్త మా ఆయనను పిలిచి అన్న మొదటి మాట: "ఇగ నాకొక చాయ తేరా."