పొడి ఆకు చప్పుడు

మొన్న మనుమరాలు బడికోసం ఏదో అతికించాలని ఎండుటాకులు ముందేసుకుని కత్తిరిస్తోంది. ఆ కరకర వింటూ కూర్చుంటే నా చేతిలోని చాయ్ చల్లారిపోయింది. కోరుట్లలో మా పాత ఇల్లు, గోడకవతలి దొర్సాని గుర్తొచ్చారు.

నక్సలైట్ అన్నలు ఊళ్ళల్లో తిరుగుతున్న కాలం అది. మేడిపల్లి దిక్కు నుంచి ఒక దొర కుటుంబం కోటలాంటి తమ గడీ వదిలి మా కోరుట్ల చేరింది. దొర ఎటో తప్పుకున్నాడు. దొర్సాని, మంచంపట్టిన అత్తతో మా పక్కింట్లో కిరాయికి దిగింది. ఆ గడీ ముందు మా తాత చెప్పులు చేతపట్టుకుని నడిచేవాడు. మేం మరవలేదు, ఆమె కూడా మరవలేదు. మేం ఆదివారం ప్రార్థన పాట ఎత్తుకుంటే కిటికీ దబ్బున మూసేది. బోరింగు దగ్గర మా తర్వాత వస్తే పిడి కడగనిదే ముట్టేది కాదు. కడగాలంటే నీళ్ళు కావాలి, నీళ్ళు కావాలంటే పిడి ముట్టాలి. అందుకని ఇంట్లోంచి చెంబుతో నీళ్ళు మోసుకొచ్చేది, నీళ్ళకోసం.

మాకు బీడీలే బతుకు. నేను బడికి పోలేదు. ఒళ్ళో బీడీల చాట పెట్టుకునే, అమ్మ ఎదురుగా తెరిచిపెట్టిన బైబిలులో అక్షరాలు నేర్చుకున్నాను. దేవునికి స్తోత్రం, ఇప్పుడు రాస్తున్న ఈ నాలుగు ముక్కలూ అవే. బీడీ చుట్టే తునికాకును ముందునాడే తడిపి గోనెబట్టలో చుట్టి ఉంచాలి. తడి ఆకు కత్తెర కింద చప్పుడు చేయదు. పొడి ఆకు అరుస్తుంది, చుడుతుంటే పగులుతుంది.

సిరిసిల్లలో చిన్నమ్మ కాన్పుకు పోయిన అమ్మ తిరిగొచ్చి చాట ముందు కూర్చోగానే గోడవతల ఆ అరుపు వినిపించింది. "ఎవలో పొడాకు కోత్తున్నరు. ఎప్పటిసంది?" అని అడిగింది.

"ఇయ్యాల్నే," అన్నాను.

తలుపు మూసుకుని, ఇల్లు కిరాయికిచ్చిన ఇంటామె పేరు మీద ఆకు తెప్పించుకుని, దొర్సాని బీడీలు చేస్తోంది. ఎట్లా చేయాలో ఎవరినీ అడగదు కదా. మధ్యాహ్నం కార్ఖానాలో ఇంటామె తెచ్చిన పగుళ్ళ బీడీలను గుమాస్తా విరిచి పారేస్తూ, రేపూ ఇట్లనే తెస్తే ఆకు బంద్ అనడం అమ్మ కళ్ళారా చూసింది. ఆకు బంద్ అయితే ఆ ఇంట్లో పొయ్యి బంద్.

మా మేనత్తకు పండగే అయింది. "పగలనియ్ వదినె. మా నాయిన ఈపు పగల్లేదా?" అంది. దొరలింటికి సాయం పోతే అన్నలూరుకోరని కూడా బెదిరించింది.

అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. తర్వాత తనకోసం నేను తడిపి ఉంచిన ఆకును గోనెబట్టతో సహా ఎత్తుకుని పోయి తలుపు కొట్టింది. తిట్లు వినాలని నేనూ వెంట పోయాను.

తలుపు సందులో ఒక కన్ను కనిపించింది. "మీ దేవుణ్ణి అంటగట్టనీకి అచ్చినవా?"

"ఆకు ఇయ్యనీకి అచ్చిన, దొర్సాని. మీ పొడాకు నాకిచ్చి, గీ తడాకు కొయ్యుండ్రి. పొమ్మన్నది దేవుడే. ఆయన్ను తీసుకోకుంటె మానె, ఆకు తీసుకోండ్రి."

"నీ గోనె నేను ముడుతనా? పో."

అమ్మ మూటను గడప మీద పెట్టి వచ్చేసింది. సాయంత్రానికి అది గోడ మీదుగా వచ్చి మా వాకిట్లో దబ్బున పడింది. మేనత్త నవ్వింది. అమ్మ మూట విప్పింది. లోపలున్నది పొడి ఆకు.

మర్నాడు దొర్సాని బీడీలు వాపసు రాలేదు. అమ్మ మళ్ళీ తడిపి ఇచ్చింది, మూట మళ్ళీ గోడ దాటి పడింది. నాలుగోనాడు మాత్రం రాలేదు. తన ఆకు తానే తడుపుకోవడానికి గోనెబట్ట ఆమే ఉంచుకుంది. గోడవతల ఇక చప్పుడు లేదు. బోరింగు పిడి మాత్రం కడుగుతూనే ఉండేది.

అమ్మకు చెప్పకుండానే ఉండిపోయిన మాట ఒకటుంది. ఆమె సిరిసిల్ల నుంచి రావడానికి రెండు రోజుల ముందే ఆ చప్పుడు నేను విన్నాను. ఆ ఇంటి పొగ గొట్టంలోంచి పొగ రాకపోవడమూ చూశాను. విని, నవ్వుకుని, నా తడి ఆకు కోసుకున్నాను. అన్నలు పోయారు, గడీ కూలింది, అమ్మ ప్రభువు దగ్గరికి చేరింది. ఇన్నేళ్ళూ కదిలిపోయాయి గానీ, ఆ రెండు రోజులు మాత్రం నా దగ్గరే కూర్చున్నాయి.