సీరీస్ బల్బు

ఉదయగిరి బస్టాండు పక్క సందులో మోటార్లు చుట్టే షావలికి లెక్క పొగరు. పదో తరగతి తప్పాడు గానీ వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్సు, రెండూ గుణిస్తే పవరు అన్న ముక్క మాత్రం నాలుక చివరే ఉండేది. ఇస్త్రీపెట్టె బాగుచేసినా మీటరు తగిలించి షట్టరు మీద సుద్దతో రాసేవాడు. "రెండొందల ముప్పై వోల్టులు, నాలుగు ఆంపియర్లు. యాభైఏడున్నర ఓములు, తొమ్మిదొందల ఇరవై వాట్లు. చూసుకో, సరిగ్గా ఉండాది." వచ్చినవాళ్లు తల ఊపేవాళ్లు. అర్థమైందో లేదో వాళ్లకే తెలియాలి!

అంత లెక్కలవాడు ఒక్కచోట లెక్క వెయ్యలేదు.

కొండ కింద వేరుశనగ వేసిన పెంచలప్రసాద్ ఆ ఏడు అడవిపందులతో వేగలేక దుకాణానికి వచ్చాడు. "చేను చుట్టూ తీగ కట్టి కరెంటు ఇచ్చేస్తా షావలీ, ఏదైతే అదైంది" అన్నాడు. మనిషి తగిలితే చస్తాడని షావలి అడ్డుపడ్డాడు. అడ్డుపడి ఊరుకుంటే బాగుండేది. మోటార్లు చుట్టేవాళ్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. చుట్టిన తీగను పరీక్షించేటప్పుడు దారిలో వంద వాట్ల బల్బు కలుపుతారు. షార్టు ఉంటే ఫ్యూజు పోదు, బల్బు వెలుగుతుంది. దాన్నే సీరీస్ బల్బు అంటారు. షావలి అలాంటి బల్బొకటి తగిలించి, దాని అవతలి తీగను వేలితో తాకి నవ్వాడు. "చేను తీగకు ముందు ఇది కలుపు. జివ్వుమంటాది, అంతేనన్నా. పంది బెదిరిపోతాది, మనిషికేం కాదు." ఆ సమయంలో అతని చెయ్యి పొడిగా ఉంది, కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. తడి చేలో ఉత్తకాళ్ల కూలీ అతనికి తట్టనే లేదు. వారం తిరక్కుండా చుట్టుపక్కల ఇంకో ఏడుగురు రైతులు ఆ బల్బే కట్టారు.

ఒకరోజు తెల్లారుజామున పెంచలప్రసాద్ చేలో నీళ్లు కట్టబోయిన కూలీ కొండయ్య ఆ తీగ మీద పడ్డాడు. పొద్దెక్కాక చూసేసరికి రెండు కాళ్ల పిక్కల మీదా తీగ ఎముక దాకా దిగి ఉంది. పెంచలప్రసాద్, అతని బావమరిదీ తీగ పెరికి చుట్టేశారు. శవాన్ని కాళ్లు పట్టి మోటారు గది దాకా ఈడ్చి, చేతిని స్టార్టర్ డబ్బాకు ఆనించారు. తర్వాత షావలిని బండెక్కించుకొచ్చారు.

"తాగి డబ్బా తెరిచినాడు, షాక్ కొట్టిందని చెప్పు. నీ మాటైతే పోలీసోళ్లు నమ్ముతారు."

షావలి శవం చెయ్యి తిప్పి చూశాడు. కాలిన మచ్చ ఒక్కటీ లేదు. కాళ్లు చూశాడు. అప్పుడు, అడగకుండానే, లెక్క దానంతటదే వచ్చింది. బల్బు ఐదొందల ముప్పై ఓములు. తడిసిన మనిషి వెయ్యి. రెండొందల ముప్పైని ఆ రెండిటి మొత్తంతో భాగిస్తే ఆంపియరులో ఏడోవంతు. ఇళ్లలో ప్రాణం కాపాడే ట్రిప్పరు అందులో ఐదోవంతుకే పడిపోతుంది. పవరు ఇరవైరెండు వాట్లు. ఒక చిన్న ట్యూబులైటుకు సరిపోయేంత.

"డబ్బా కాదన్నా. తీగ. నేను చెప్పిన బల్బు."

పెంచలప్రసాద్ పైపు పానా అందుకున్నాడు. బావమరిది షావలి కుడిచేతిని సిమెంటు దిమ్మె మీద పెట్టి తొక్కాడు. మొదటి దెబ్బకే రెండు వేళ్లు చితికాయి.

"ఇప్పుడు చెప్పరా, ఏది కొట్టింది?"

"తీగ."

మూడో వేలు. తర్వాత పక్కటెముకల మీద తన్నులు, మూతి మీద పానా.

"పోతే ఇద్దరం పోతాం జైలుకి, తెలుసునా? ఏది కొట్టింది?"

"డబ్బా" అన్నాడు షావలి, నెత్తురు ఉమ్మి. ఎవరైనా అంటారు. ఆ గదిలో లేనివాళ్లే ధైర్యం గురించి మాట్లాడతారు.

మధ్యాహ్నం ఆత్మకూరు మార్చురీ ముందు ఎస్సై పంచనామా రాస్తున్నాడు. చేతికి తుండుగుడ్డ చుట్టుకుని, మోటారు మీద పడిందని చెప్పి, షావలి సాక్షిగా నిలబడ్డాడు. డబ్బా అని చెప్పాడు కూడా. గోడవార కొండయ్య భార్య చెంచులక్ష్మి కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయింది. పెంచలప్రసాద్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"పనికేం భయపడొద్దు చెంచులక్ష్మీ. ఎల్లుండి నుంచి నీళ్లు నువ్వే కట్టు."

ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

తీగ మళ్లీ కడతాడు వీడు. బల్బూ పెడతాడు. ఆమె కాళ్లకు చెప్పులు లేవు. షావలి ఎస్సై ముందుకు నడిచాడు.

"సార్, నేను చెప్పింది అబద్ధం. డబ్బా కాదు, పందుల తీగ. బల్బు పెడితే మనిషి చావడని చెప్పింది నేనే."

పెంచలప్రసాద్ మీదికి దూకాడు. కానిస్టేబుళ్లు పట్టుకున్నారు. చెంచులక్ష్మిని మాత్రం ఎవరూ పట్టుకోలేదు. ఆమె లేచి వచ్చింది.

"అయితే ఆయన తాగలేదా, సాయిబూ?"

"లేదు తల్లీ. నీళ్లు కట్టను పోయినాడు, అంతే."

ఆమె కొట్టింది. చేతులతో, గోళ్లతో, కింద దొరికిన ఇటుక ముక్కతో. కనుబొమ్మ చీలింది. షావలి చెయ్యి అడ్డం పెట్టలేదు. ఎస్సై ఆమెను లాగబోతే, "కొట్టనీండి సార్, మీరు రాసుకోండి" అని అరిచాడు. "జనార్దనయ్య చేను, చెరువు కింద! శీనయ్య మొక్కజొన్న! ఇంకా ఐదుండాయి సార్, పొద్దుగూకితే కరెంటు పెడతారు, రాసుకోండి!"

ఎస్సై పెన్ను తీశాడు. ఆమె కొడుతూనే ఉంది. షావలి మూడో పేరు చెప్పాడు.