అరవై మూడు రాజీనామాల టపిన్ గారు

హొరేస్ టపిన్ గారికి ఉన్న అలవాటు ఒక్కటే: ఆయన రాజీనామా చేస్తారు. కొందరు గోళ్లు కొరుకుతారు, కొందరు నిద్రలో మాట్లాడతారు, టపిన్ గారు రాజీనామా చేస్తారు. చర్చి గాయకబృందానికి తొమ్మిది సార్లు చేశారు. గ్రంథాలయ పఠన మండలికి పదకొండు సార్లు చేశారు. ఒకసారి పళ్ల డాక్టరు గది ముందు క్యూలో నిలబడి ఆ క్యూకే రాజీనామా చేశారు. మా మిల్ లేన్ తోటమడుల సంఘానికి పద్నాలుగేళ్లలో అరవై మూడు సార్లు చేశారు. ఇంత శ్రమపడిన మనిషి ఎక్కడి నుంచైనా ఒక్కసారి వెళ్లిపోయిన దాఖలా మాత్రం లేదు.

దానికొక పద్ధతి ఉండేది. సమావేశం మధ్యలో ఆయన లేచి, కోటు బొత్తాలు మూడూ పెట్టుకుని, లోపలి జేబులోంచి ఒక ఉత్తరం తీసేవారు. ఉత్తరం ముందే రాసి ఉండేది. కారణం దగ్గర మాత్రం ఖాళీ. అక్కడికక్కడే కారణం పూరించి కార్యదర్శి ముందు పెట్టేవారు. "టీ పల్చగా ఉంది. ఈ పరిస్థితుల్లో నేను కొనసాగలేను." కార్యదర్శి వెంటనే "పునరాలోచించమని మనవి" అనాలి. టపిన్ గారు టోపీ పెట్టుకుని బయటికి వెళ్లి, సమావేశం జరిగే రేకుల షెడ్డు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, బిస్కెట్ల పళ్లెం తిరిగే సమయానికి తన కుర్చీలో ఉండేవారు. మా నమోదు పుస్తకంలో ఈ రెండు వాక్యాలు లేని పేజీ అరుదు: "టపిన్ గారు రాజీనామా చేశారు. టపిన్ గారు రెండు బిస్కెట్లు తిన్నారు."

లింకన్‌షైర్‌లోని మా మార్ష్‌బీ పట్టణంలో, పెరడు లేని ముప్పైయొక్క మందికి మునిసిపాలిటీ ఇచ్చిన ముప్పైయొక్క మడులే మా సంఘం. దేశం ఐరోపా సమాఖ్యలో ఉండాలా వైదొలగాలా అన్న ఓటింగ్ జరిగిన ఏడాదే నేను న్యాయశాస్త్ర పట్టా చేతబట్టుకుని దీనికి కార్యదర్శినయ్యాను. స్పష్టమైన నిబంధనలు ఉంటే మనుషులు పోట్లాడుకోరని అప్పట్లో నా గట్టి నమ్మకం. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు.

అధ్యక్షుడు బార్నీ గజ్, లారీ డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. బండి చక్రమంత గుమ్మడికాయలు పండిస్తాడు. వైదొలగాలని ఓటు వేశాడు. ఉపాధ్యక్షురాలు డాఫ్నీ ఆల్డ్రెడ్, బడిలో నాకు ఫ్రెంచి చెప్పిన టీచరు. వెల్లుల్లి పండిస్తుంది. ఉండాలని ఓటు వేసింది. అంతకుముందు ఇరవై ఏళ్లు ఆమె నారు ఇతని మడిలో, ఇతని నవ్వు ఆమె మడిలో పెరిగాయి. వైదొలగాలన్న ఫలితం వచ్చిన మర్నాడు బార్నీ "ఆ ఫ్రెంచి వెల్లుల్లి వాసన వదిలించుకోవడానికే కదా నేను ఓటు వేసింది" అన్నాడు. వారం తిరిగేసరికి తోట మధ్యలో ఒక తాడు వెలిసింది.

చిక్కేమిటంటే, కుళాయి తాడుకు దక్షిణాన డాఫ్నీ వర్గంలో పడింది. గుర్రపు పెంట కుప్ప ఉత్తరాన బార్నీ వర్గంలో పడింది.

"నీళ్లు కావాలంటే షరతులుంటాయి, బార్నీ."

"ఉంచుకో. మా పెంట ఒక్క తట్టెడు తాడు దాటితే ఒట్టు."

"ఎరువు లేకుండా నేను బతకలేననుకున్నావా?"

"నాకు ఆకాశం నుంచి నీళ్లు పడతాయి డాఫ్నీ. నీకు ఆకాశం నుంచి గుర్రాలు పడతాయా?"

వీళ్లిద్దరి మధ్య హలీనా ఉండేది. పోలండు నుంచి వచ్చి పన్నెండేళ్లుగా క్యాబేజీలు పెట్టెల్లో సర్దే పనిలో ఉంది. ఈ దేశ పౌరురాలు కాదు గనక ఆ ఓటింగ్‌లో ఆమెకు ఓటు లేదు. తాడు సరిగ్గా ఆమె పదహారో నంబరు మడి మీదుగా పోయింది. చిక్కుడు పాదు ఉత్తరాన, కూర్చునే పీట దక్షిణాన. పాదుకు నీళ్లు పోయడానికి ఆమె రోజుకు నాలుగుసార్లు సరిహద్దు దాటేది. దాటిన ప్రతిసారీ ఇరువర్గాలకూ నవ్వుతూ నమస్కారం పెట్టేది.

టపిన్ గారు ఏ వర్గమో ఎవరికీ తెలియదు. నేనే ఒకరోజు సూటిగా అడిగాను.

"మీరు ఎటు ఓటు వేశారండీ?"

"పోలింగ్ కేంద్రంలో పెన్సిలు మొద్దుబారి ఉంది తల్లీ. నిరసనగా ఓటర్ల జాబితాకు రాజీనామా ఇచ్చాను."

"అలా కుదరదండీ."

"వాళ్లూ అదే అన్నారు."

మూడేళ్లు ఇలా గడిచాక, 2019 మార్చిలో, దేశం వైదొలగవలసిన శుక్రవారం వచ్చింది. దేశం ఎక్కడికీ వెళ్లలేదు. గడువు పొడిగించారు. మర్నాడు శనివారం మా సమావేశం. తాడు తీసేసి కుళాయినీ కుప్పనూ అందరూ వాడుకోవాలని నేనొక తీర్మానం రాసి తెచ్చాను. ఏడు పేజీలు. చేతులు ఎత్తమన్నాను. లెక్కపెడితే అటూ ఇటూ సరిసమానం. అప్పుడు చివరి వరుసలో, నెమ్మదిగా, హలీనా చెయ్యి లేచింది.

"ఆ ఓటుకు లేవని చెయ్యి ఈ ఓటుకెందుకు లేస్తోంది?" అన్నాడు బార్నీ.

అన్నాక అతని ముఖమే పాలిపోయింది. మాట నోరు దాటిపోయింది. హలీనా చెయ్యి గాలిలో సగంలో ఆగిపోయింది. డాఫ్నీ లేవబోతోంది. ఆ క్షణంలో టపిన్ గారు లేచి, కోటు బొత్తాలు మూడూ పెట్టుకున్నారు.

"బిస్కెట్లు మెత్తబడ్డాయి. ఈ పరిస్థితుల్లో నేను కొనసాగలేను."

"బిస్కెట్లా?" అంది డాఫ్నీ.

"ఇప్పుడా?" అన్నాడు బార్నీ.

"పోయినసారి కూడా మెత్తగానే ఉన్నాయి," అని ఎవరో సాక్ష్యం చెప్పారు. షెడ్డంతా ఆయన మీద విరుచుకుపడింది. హలీనా చెయ్యి సంగతి అందరూ మరచిపోయారు. నేను మరవలేదు. ఒక మనిషి హక్కు ప్రశ్నార్థకమైన ఘడియలో ఈ పెద్దమనిషికి బిస్కెట్లు గుర్తుకొచ్చాయని నాకు ఒళ్లు మండిపోయింది.

"రాజీనామా అంటే రాజీనామాయే," అన్నాను. "ఆమోదిస్తున్నాను."

బార్నీ నా వైపు వంగాడు. "లాయరమ్మా, ఆ మాట అను."

"ఏ మాట?"

"అదేనమ్మా, ఎప్పుడూ అనే మాట," అంది డాఫ్నీ. బార్నీ అన్నదానికి ఆమె వంత పాడటం మూడేళ్లలో అదే మొదలు.

"ఆ మాట నిబంధనల్లో ఎక్కడా రాసి లేదు."

రాయని రాజ్యాంగంతో శతాబ్దాలుగా బతుకుతున్న దేశంలో న్యాయశాస్త్రం చదివి, రాయని నిబంధనకు విలువ లేదని తేల్చిన ఏకైక పట్టభద్రురాలిని బహుశా నేనే. టపిన్ గారు నన్నొకసారి చూసి, "సరే తల్లీ" అని టోపీ పెట్టుకున్నారు. షెడ్డు చుట్టూ ప్రదక్షిణం చేశారు. ఆ అడుగుల చప్పుడు అందరం విన్నాం. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఏప్రిల్ సమావేశంలో టీ చిక్కగా ఉంది, బిస్కెట్లు కరకరలాడుతున్నాయి, ఎవరూ రాజీనామా చేయలేదు. అందువల్ల తగాదా మొదటిసారిగా చివరిదాకా సాగింది. డాఫ్నీ బార్నీ బుద్ధిని గుమ్మడికాయతో పోల్చింది. గుమ్మడికాయను అవమానించినందుకు బార్నీ క్షమాపణ అడిగాడు. సంఘాన్ని రెండుగా చీల్చాలన్న తీర్మానం వచ్చే సమావేశానికి ఖాయమైంది. హలీనా లేచి గేటు తాళంచెవి బల్ల మీద పెట్టింది.

"నా చిక్కుడు గింజలు మీరే పంచుకోండి," అంది. "ఎవరికెన్ని అని ఓటింగ్ పెట్టుకోండి."

నాకు ఒక పని మిగిలింది. ఖాళీ అయిన టపిన్ గారి మడిని నిరీక్షణ జాబితాలో మొదటివారికి ఇవ్వాలి. దానికి ఆయన రాజీనామా చెల్లుతుందని కాగితం మీద రుజువు చేయాలి. ఆయన ఉత్తరాలు అరవై మూడూ తేదీల వారీగా పేర్చి, ఒక్కొక్కదాని పక్కన ఆనాటి నమోదు పుస్తకం పేజీ పెట్టాను. ఆయన బాధ్యతారాహిత్యానికి ఇంతకంటే పకడ్బందీ సాక్ష్యం ఉండదనుకున్నాను.

"గేటు మీద కాకి నన్ను అదోలా చూసింది": పన్నెండో రాజీనామా. పక్క పేజీలో, భార్య పోయిన నెలకే కూరగాయల పోటీ బహుమతుల జాబితా చదవడానికి నిలబడిన బార్నీ, ఆమె పేరు దగ్గర ఆగిపోయాడు. "కుర్చీ కిర్రుమంటోంది": ముప్పయ్యోది. పక్క పేజీలో, డాఫ్నీ పంటకు చీడ పట్టిందని అందరూ ఆమెను నిలదీస్తున్నారు. నలభై ఒకటో దాని దగ్గర నా చెయ్యి ఆగింది. అది కార్యదర్శిగా నా మొదటి సమావేశం. తప్పు నిబంధన చదివి, ముప్పై మంది నవ్వుతుంటే, కళ్లలో నీళ్లు తిరిగిన రోజు. కారణం: "కిటికీలోంచి చలిగాలి కొడుతోంది."

కాగితాలన్నీ ఒక సంచిలో వేసుకుని మిల్ లేన్‌కు పరుగెత్తాను. టపిన్ గారు కంచె బయట, మునిసిపాలిటీ బెంచీ మీద, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. సభ్యుడు కాదు గనక లోపలికి అడుగు పెట్టడం లేదు. పెట్టమంటే పెట్టే మనిషి కాదు.

"మడి కోసం దరఖాస్తు పెట్టాను తల్లీ," అన్నారు. "జాబితాలో నాది నలభై ఒకటో నంబరట. నాకిప్పుడు డెబ్బై ఎనిమిది. ఏడాదికి ఇద్దరు పోయినా, తొంభై ఎనిమిదో ఏట బంగాళాదుంపలు నాటుకోవచ్చు."

"ఆ రోజు మీరు చలిగాలి అన్నారు. ఆ రోజు కిటికీ మూసే ఉందండీ."

"అయితే తలుపులోంచి వచ్చి ఉంటుంది."

"జూన్ నెల."

"మన జూన్‌ను నమ్మడానికి లేదు." ఆయన టోపీ సర్దుకున్నారు. "ఆ సంగతలా ఉంచు. ముందు నా మడి చూడు. మునిగిపోతోంది."

కంచెలోంచి చూశాను. నెల రోజులుగా యజమాని లేని మడి ఎండిపోయి ఉండాలి. అక్కడ చెరువుంది. మధ్యలో ఒక గుమ్మడి తీగ ఈత నేర్చుకుంటోంది.

"పొద్దున్నే బార్నీ వస్తాడు," అన్నారు టపిన్ గారు. "తాడు దాటి, డాఫ్నీ కుళాయి కింద దొంగతనంగా డబ్బా నింపుకొచ్చి పోస్తాడు. మధ్యాహ్నం డాఫ్నీ వస్తుంది. బార్నీ కుప్పలోంచి పెంట దొంగిలించుకొచ్చి వేసి, అది కరగాలని మళ్లీ నీళ్లు పోస్తుంది. సాయంత్రం హలీనా. తాళంచెవి ఇచ్చేసింది కదా, కంచె సందులోంచి సీసాతో చల్లుతుంది. ఎవరికి వారు రహస్యమనుకుంటున్నారు. వాళ్లకెలా చెప్పను?"

మే సమావేశంలో చీలిక తీర్మానం పక్కన పెట్టి, ముందుగా నాదొకటి చదివాను. ఈసారి ఒకటే వాక్యం: "టపిన్ గారి వైదొలగే గడువును పొడిగించడమైనది." నిరవధికంగా.

"పొడిగింపు అన్న మాట వింటేనే నాకు కంపరం," అన్నాడు బార్నీ. షెడ్డంతా అతన్నే చూసింది. అతను చెవులు గోక్కున్నాడు. "సరే, బలపరుస్తున్నాను. ఈ ఒక్క మనిషికే. దేశానికి కాదు."

తరువాత అతను జేబులోంచి గేటు తాళంచెవి తీసి, తలుపు దగ్గర చూడవచ్చినదానిలా నిలబడిన హలీనా చేతిలో పెట్టాడు. "ఆ రోజు నా నోరు..."

"నీ నోటి సంగతి నాకు పన్నెండేళ్లుగా తెలుసు బార్నీ," అంది హలీనా. "జరుగు, చెయ్యి ఎత్తాలి."

చేతులన్నీ లేచాయి. ఆమె చెయ్యి అందరికంటే ఎత్తున లేచింది. టపిన్ గారిని పిలుచుకొచ్చి ఆయన కుర్చీలో కూర్చోబెట్టాం. తరువాతి అంశం తాడు.

"మూడేళ్లుగా పోతాం పోతాం అని గుమ్మం దాటలేనివాళ్లు," అని మొదలుపెట్టింది డాఫ్నీ, "కుళాయి గురించి..."

బార్నీ చెవులు ఎర్రబడ్డాయి. అతను నోరు తెరిచాడు. టపిన్ గారు లేచి, బొత్తాలు మూడూ పెట్టుకుని, లోపలి జేబులో చెయ్యి పెట్టారు. చెయ్యి ఉత్తదే బయటికి వచ్చింది. సభ్యత్వం పోయాక ఆయన కొత్త ఉత్తరం రాసుకోలేదు; పాతవన్నీ, చివరిదాకా, నా సంచిలో సాక్ష్యాధారాలుగా ఉన్నాయి. పద్నాలుగేళ్లలో మొదటిసారి ఆ మనిషి దిక్కుతోచక నా వైపు చూశారు.

నేను లేచాను. కోటుకు రెండే బొత్తాలుంటే రెండూ పెట్టుకున్నాను.

"టీ పల్చగా ఉంది," అన్నాను. "ఈ పరిస్థితుల్లో నేను కార్యదర్శిగా కొనసాగలేను."

"టీయా?" అంది డాఫ్నీ.

"ఇంకా పొయ్యనే లేదు కదా లాయరమ్మా," అన్నాడు బార్నీ.

ముప్పై మందీ నా మీద పడ్డారు. బార్నీ, డాఫ్నీ ఒకే గొంతుతో నాకు టీ గురించి ఏమీ తెలియదని తేల్చారు; ఆ ఊపులోనే, కుళాయి సంగతి తాపీగా చూసుకోవచ్చని కూడా అనుకున్నారు. టపిన్ గారు గొంతు సవరించుకున్నారు.

"పునరాలోచించమని మనవి," అన్నారు.

షెడ్డు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చాను. ఆనాటి నమోదు పుస్తకం టపిన్ గారి చేతిరాతలో ఉంది: "కార్యదర్శి రాజీనామా చేశారు. కార్యదర్శి రెండు బిస్కెట్లు తిన్నారు."

నిజానికి మూడు.