రాయి నొవ్వకుండా కడిగే మూరమ్మ

మా పిన్నిని పనివాళ్ళంతా మూరమ్మ అనేవాళ్ళు. అసలు పేరు కాగితాల మీదే ఉండేది. వాకిళ్ళలో, కారు నిలిపే చోట్లలో పరిచిన రాళ్ళను మోటారుతో జోరుగా చిమ్మే నీళ్ళతో కడగడం పిన్నీ బాబాయిల పని. వ్యాన్ నడపడం, మోటారు చూసుకోవడం, గొట్టం లాగడం బాబాయి వంతు. గొట్టం కొసన నీళ్ళు చిమ్మే నాజిల్ మాత్రం పిన్ని చేతిలోనే ఉండాలి. మొదలుపెట్టే ముందు వంగి, మోచేతిని నేలకు ఆనించి, వేళ్ళ కొస దాకా కొలిచేది. ఆ మూరెడు ఎత్తు నుంచి నాజిల్ కిందికి దిగేది కాదు. అలా వచ్చింది ఆ పేరు.

"నీళ్ళేగా అనుకుంటారు. దగ్గర పెడితే ఇవి ఉలి," అనేది నాతో.

ముందు ఎవరి కంటా పడని మూల చూసుకునేది, చెత్తడబ్బా వెనకో, మెట్టు పక్కనో. అక్కడ కాస్త కడిగి, ఆరేదాకా ఆగి, వేలితో రుద్దేది. వేలికి పొడి అంటిందంటే రాయి మెత్తనిదన్నమాట. ఒత్తిడి తగ్గించమని బాబాయికి సైగ చేసేది. ఒకే ధారగా కొట్టే సూది నాజిల్‌ను పెట్టెలోంచి తియ్యనిచ్చేది కాదు. విసనకర్రలా విచ్చుకునే నీళ్ళతో, ఏటవాలుగా, ముగ్గు చెరగకుండా ఊడ్చినంత నెమ్మదిగా పాచి లేపేది. చివర్లో రాళ్ళ సందుల్లోకి పొడి ఇసుక చీపురుతో తోసేది. లేకపోతే రాళ్ళు కదిలిపోతాయట. ఎవరైనా తొందరపెడితే, "మీరు మొహం గరుకుకాగితంతో కడుక్కుంటారా అండీ?" అని అడిగేది. వాళ్ళు నవ్వేసి లోపలికి పోయేవాళ్ళు.

"నాకు పెళ్ళి కాలేదమ్మా, డ్రైవరు ఉద్యోగం వచ్చింది," అనేవాడు బాబాయి. వాళ్ళకు పిల్లల్లేరు. సెలవులొస్తే నేను అక్కడే ఉండేదాన్ని. ఇరవై రెండేళ్ళలో పిన్ని చేతిలో ఒక్క రాయి కూడా పాడవలేదు.

యాభై మూడో ఏట చిన్న చిన్న తేడాలు మొదలయ్యాయి. ఇసుక పోసిన సందుల్లోనే మళ్ళీ ఇసుక పోసేది. ఏ మూల కడిగి చూసిందో మర్చిపోయి వాకిలంతా తిరిగేది. బాబాయి ఆటపట్టిస్తే తనూ నవ్వేది. అందరం నవ్వాం. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీదే కోపం వస్తుంది.

ఒకరోజు పొద్దున రిటైరైన నర్సు ఒకావిడ ఇంట్లో పని. లేత పసుపు ఇసుకరాయి, చాలా మెత్తనిది. బాబాయి వ్యాన్ దగ్గర గొట్టం చిక్కు తీస్తున్నాడు. ఉన్నట్టుండి నీళ్ళ చప్పుడు మారింది. రంపం కోసినట్టు వినబడింది. తిరిగి చూస్తే పిన్ని గొంతుకూర్చుని ఉంది. చేతిలో సూది నాజిల్. రాయికి రెండు వేళ్ళ దూరం కూడా లేదు.

ఒక్క ఉరుకున వెళ్ళి మోటారు ఆపాడు. రాతి మీద వేలు పట్టేంత గాడి పడింది.

"ఏం చేస్తున్నావే?"

"ఈ నల్లచార చూడండి. ఎంత కడిగినా పోదే! పైగా పక్కకి జరుగుతోంది."

అది వాకిలి కటకటాల నీడ.

బాబాయి ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఆయన నీడ పడేసరికి ఆ చార అందులో కలిసిపోయింది.

"హమ్మయ్య, పోయిందండీ," అంది పిన్ని. అంతలోనే గాడి కంటబడింది. మొహం మాడిపోయింది. "అయ్యో, బంగారం లాంటి రాయి! ఎవరండీ ఇలా చేసింది? వాడి చేతులు విరగ్గొట్టాలి."

"నేనేనే," అన్నాడు బాబాయి. "చూసుకోలేదు."

ఇల్లు చేరేదాకా పిన్ని ఆయన్ని తిడుతూనే ఉంది. ఇన్నేళ్ళు పక్కనుండి ఏం నేర్చుకున్నారంది, నా పరువు తీశారంది. ఆయన వ్యాన్ నడుపుతూ "ఊఁ, తప్పే, తప్పే" అంటూ వచ్చాడు. నర్సమ్మ గుమ్మంలోంచి అంతా చూసింది. వారం తర్వాత ఆ రాయి తీసి కొత్తది వేయడానికి వెళ్ళిన బాబాయితో, "రాయి సంగతి వదిలెయ్యండి, ఆవిణ్ణి డాక్టరుకు చూపించండి," అంది.

డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పాడు. వెనక్కి తిప్పే మందు లేదని కూడా చెప్పాడు. బాబాయి బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాడు. పిన్ని ఆయన వీపు నిమురుతూ, "ఏం చెప్పాడేంటి? మీకేం కాదు, నేనున్నాగా," అంది.

రెండేళ్ళు గడిచాయి. పిన్నిని ఒంటరిగా వదిలే వీల్లేకుండా పోయింది. మా అమ్మ దగ్గర దిగబెడితే, వ్యాన్ కదలగానే గేటు పట్టుకుని ఏడ్చేది. ఒకరోజు చిన్న పనేగా అని బాబాయి వెంట తీసుకెళ్ళాడు. నీడపట్టున కుర్చీ వేసి కూర్చోబెట్టి మోటారు ఆన్ చేశాడు. ఇరవై రెండేళ్ళు విన్న చప్పుడు. పిన్ని చెవులు మూసుకుని కెవ్వుమంది. వ్యాన్‌లోకి దూరి ముడుచుకుపోయింది.

బాబాయి మోటారు ఆపేశాడు. బుజ్జగించి, మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టాడు. బకెట్ తెచ్చుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, బ్రష్‌తో ఒక్కొక్క రాయీ రుద్దడం మొదలుపెట్టాడు. మోటారుతో గంటన్నర పని సాయంత్రం దాకా పట్టింది. పిన్ని కదలకుండా చూస్తూ కూర్చుంది. ఎండ దిగాక లేచి, తన కొంగుతో ఆయన నుదురు తుడిచింది.

"ఇంక చాల్లే అన్నయ్యా," అంది. "పొద్దుట్నుంచీ వంచిన నడుం ఎత్తలేదు. ఇంటికెళ్ళు. మీ ఆవిడ కాచుక్కూర్చుంటుంది."

ఆ సంగతి చెప్పడానికే బాబాయి మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అన్నయ్యా అందమ్మా నన్ను," అన్నాడు. మా అమ్మ మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఆ తర్వాత ఆయన పనికి వెళ్ళలేదు. పిన్ని ఇంకో పద్నాలుగు నెలలు ఉంది. ఆకలేస్తే అన్నయ్యా, భయమేస్తే అన్నయ్యా. బాబాయి ఒక్కసారి కూడా సరిదిద్దలేదు. పిలిచినప్పుడల్లా, "వస్తున్నానమ్మా," అని వెళ్ళేవాడు.