ఉప్పు తప్ప ఏమీ కొనని ఇల్లు

మావారు బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాది, మునగపాక దగ్గర మా అమ్మ నాకిచ్చిన పొలంలో ఇల్లు వేసుకుని కాపురం పెట్టాం. ఇకమీదట ఉప్పు తప్ప ఏదీ కొనేది లేదని ఆయన ప్రకటించారు. పూడిమడక సముద్రం ఎంతో దూరం లేదు కదా, ఆ ఉప్పూ మనమే పండించుకుందాం అన్నాను. వెటకారం తెలియని మనిషి, నిజంగానే ఆలోచనలో పడ్డారు.

రాత్రి ఫోనులో ఎవరో చెప్పింది వినడం, పొద్దున్నే పార పట్టుకోవడం. చల్లిన నువ్వులు పావురాలు తిన్నాయి, పెంచిన కోళ్లను ముంగిస ఎత్తుకుపోయింది. మాకు మిగిలినవి వంకాయలు. రెండు పూటలా వంకాయ తినడాన్నే స్వయంసమృద్ధి అంటారట! అదంతా నవ్వుతూ భరించాను. భరించలేనిది ఆ ఇనుప గేటు. పొలం చుట్టూ కంచె వేయించి, గేటు పెట్టి, ఒకరికి ఇచ్చేది లేదు, ఒకరి దగ్గర పుచ్చుకునేది లేదన్నారు. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి. ఆయనకేం, పైఊరి అల్లుడు. నేను పుట్టి పెరిగిన ఊరది. పిలిస్తే పలికే మనుషులు లేకపోయాక ఆ పొలం నాకెందుకు?

పొలంలో వేసిన చెరకు మాత్రం చేతికొచ్చింది. అది నరికాక బెల్లం కూడా మనమే వండాలన్నారు. చెరకు పిండే చిన్న కరెంటు మర, పాకం కాచే పెద్ద పాత పెనం తెచ్చారు. మా వైపు చెరకు ఆడే చోటికి ఎవరొచ్చినా చెంబెడు రసమో, ఆకులో ఇంత వేడి బెల్లమో పెట్టకుండా పంపరు. పగవాడికైనా పెడతారు. ఆ రోజు పక్క పొలం ఆవిడ, వరసకు నాకు మరదలు, చెంబు పట్టుకుని వచ్చింది. మావారు గేటు తీయకుండానే, మా ఇంటి వరకే వండుకుంటున్నామని చెప్పేశారు. నేను పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చేసరికి ఆవిడ ఖాళీ చెంబుతో వెళ్ళిపోతోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నానికి పాకం వచ్చింది. పెనం దించాలంటే దాని చెవుల్లో కర్రలు దూర్చి నలుగురు ఎత్తాలి. ఎక్కడైనా రసం కోసం వచ్చినవాళ్ళే ఆ చెయ్యి వేస్తారు, పిలవక్కర్లేదు. ఇక్కడున్నది మేమిద్దరమే. పెనం కదల్లేదు. పొయ్యిలోంచి మండుతున్న చెరకు పిప్పి లాగేసినా వేడి తగ్గలేదు. మాడు వాసన మొదలైంది. ఆయన ఫోను తీసి అందులో ఉపాయం వెతుకుతున్నారు. నేను సిగ్గు విడిచి కంచె దగ్గరికి పరుగెత్తి మరదల్ని కేకేశాను.

ఆవిడ మొగుణ్ణి, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది.

"గేటు తియ్యి వదినా. మాటలు తర్వాత సూసుకుందాం, ముందు పాకం మాడిపోతంది" అంది.

పెనం దించి చెక్క తొట్టిలో పోశారు. కాస్త నల్లబడినా బెల్లం దక్కింది.

సాయంత్రం ఆయన ఆరిన బెల్లం దిమ్మల పక్కన నిలబడి వీడియో తీసుకుంటున్నారు. ఎవరి సాయమూ లేకుండా భార్యాభర్తలం వండుకున్న బెల్లమట. ఒళ్ళు మండిపోయింది. దిమ్మలు ముక్కలు కొట్టి బుట్టకెత్తాను. గేటు బార్లా తెరిచి, ఊళ్ళో మరదలి ఇంటితో మొదలుపెట్టి వీధి చివరి దాకా పంచేసి వచ్చాను.

మర్నాడు పొద్దున ధనియాల కాఫీలోకి బెల్లం లేదన్నాను. ఆయన చొక్కా వేసుకుని, పంచదార కొనడానికి కొట్టుకు బయల్దేరారు. వెళ్తూ గేటు వేయబోయి, నా మొహం చూసి వదిలేశారు.