ఒప్పుకోను పిన్నీ, నాలుగడుగులూ

ఆ సందులో ఎవరు ఏమన్నా పిన్ని నోటి నుంచి మొదట వచ్చే మాట ఒక్కటే: "నేనొప్పుకోను." దేవుడు ప్రత్యక్షమై వరం కోరుకోమన్నా సరే, ముందు ఒప్పుకోనని చెప్పి, ఆ తర్వాత తీరిగ్గా "ఇంతకీ ఏమంటున్నావు?" అని అడిగే రకం. ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ "ఒప్పుకోను పిన్ని."

ఒకసారి జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"తగ్గిపోయిందమ్మా, ఇక మందులక్కర్లేదు" అన్నాడాయన.

"నేనొప్పుకోను."

"సరే, ఇంకో రెండు రోజులు వాడండి."

"అదీ ఒప్పుకోను. తగ్గిన జ్వరానికి మందులేమిటి, విడ్డూరం కాకపోతే!"

డాక్టరు లేచి లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాడట.

ఇలాంటి మనిషితో కాపురం ఎలా చేస్తున్నాడా అని బాబాయిని చూసి అందరూ జాలిపడేవారు. బాబాయి మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉండేవాడు. ఆయనకు టీ తాగాలనిపిస్తే, "ఈ ఎండలో టీ ఏమిటిలే, వద్దు" అనేవాడు. "నేనొప్పుకోను" అంటూ పిన్ని స్టవ్ వెలిగించేది. కొత్త చొక్కా కావాలంటే పాత చొక్కాను పొగిడేవాడు. పెళ్ళయిన నాటి నుంచి కావలసింది ఒక్కసారీ అడగలేదు, ఒక్కసారీ అందకుండా పోలేదు. ఈ కిటుకు మెల్లగా సందంతా పాకింది. చందా వసూలుకొచ్చే వాళ్ళు కూడా ముందు పిన్ని గుమ్మంలో నిలబడి, "మీరివ్వలేరులెండి" అనేవారు.

ఎదురింటి ఇల్లాలి భర్త ఒక్కడే ఆ కిటుకు వాడేవాడు కాదు. అతను బస్సు కండక్టరు. వారమంతా టిక్కెట్లు కొట్టీ కొట్టీ, ఆదివారం వచ్చిందంటే లుంగీ ఎగ్గట్టి ఇంటి ముందు వరండాకు టైల్స్ వేస్తూ కూర్చునేవాడు. కొట్లలో మిగిలిపోయిన ముక్కలు చవగ్గా తెచ్చేవాడు. ఒక వరస పచ్చన, ఒక వరస నీలం, ఆపైన ఇటుక రంగు, మధ్యలో ఎక్కడి నుంచో ఊడిపడ్డ పసుపు.

పిన్ని తన గేటు దగ్గర నిలబడి చూసేది. "ఏమిటయ్యా ఆ రంగులు? వరండానా, అతుకుల బొంతా? నేనొప్పుకోను."

"మీరు ఒప్పుకుంటే నాకు భయం పిన్నీ, ఎక్కడో వంకర పోయిందనుకుంటా" అని నవ్వేవాడతను. "కానీ చూడండి, ఎప్పటికైనా ఈ వరండా బాగుందని మీ నోటితోనే అనిపిస్తా."

"నా కంఠంలో ప్రాణముండగా అనను."

"పందెం!"

పందెం తేలలేదు. మూల మీద ఒక్క టైలు మిగిలిపోయింది, వచ్చే ఆదివారం వేస్తానన్నాడు. ఆ ఆదివారానికి అతను లేడు. డ్యూటీ నుంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళారు, అంతే.

వచ్చిన వాళ్ళందరూ ఆ ఇల్లాలిని పట్టుకుని ఏడ్చారు. పిన్ని ఏడవలేదు. పప్పన్నం గిన్నె తెచ్చి ముందు పెట్టి, "ఉప్పెక్కువైంది. అయినా తిను. తిననంటే ఒప్పుకోను, బాగుందన్నా ఒప్పుకోను" అని ఎదురుగా కూర్చుంది. ఉప్పు నిజంగానే ఎక్కువైంది. ఆ ఇల్లాలు తిన్నది. తర్వాత రోజులు ఎలాగో నడిచాయి. పొద్దున్నే ఆ వరండా తుడిచి, మెట్టు మీద కూర్చుని కూరగాయలు తరుక్కోవడం ఒక్కటీ ఆవిడకు మిగిలింది. మూలనున్న ఆ ఖాళీ చోటును మాత్రం చీపురు తగలకుండా చేత్తో తుడిచేది.

ఇంతలో సబ్‌స్టేషన్ వచ్చిపడింది.

అది రావలసిందే, అందులో సందేహం లేదు. సాయంత్రమైతే ఆ సందులో కరెంటు నీరసపడేది. తిరుగుతున్న ఫ్యానుకు రెక్కలెన్నో చెప్పొచ్చు. బల్బు వెలుగుతోందో లేదో చూడాలంటే టార్చి వేసుకోవాలి. మిక్సీ మూలిగేదే కానీ తిరిగేది కాదు. అందుకే సందు చివరి ఖాళీ స్థలంలో సబ్‌స్టేషన్ కడతారనగానే అందరూ సంబరపడ్డారు. కానీ ఆ పెద్ద ట్రాన్స్‌ఫార్మరును మోసుకొచ్చే బండి సందులో పట్టదట. నాలుగడుగులు వెడల్పు చేయాలట. ఒకరోజు మనుషులొచ్చి కొలిచి, ఆ ఇల్లాలి వరండా మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఎర్ర రంగు గీత గీసి వెళ్ళిపోయారు. గీతకు ఇవతలిది ఇల్లు, అవతలిది రోడ్డు. టైల్స్ అన్నీ అవతలే ఉన్నాయి.

పని మొదలుపెట్టాలంటే సందులోని అన్ని ఇళ్ళ వాళ్ళూ సరేననాలి. కుర్ర ఇంజనీరు ఒకడు నెత్తిన పసుపు టోపీతో వచ్చి అందరినీ సందులోనే నిలబెట్టి మాట్లాడాడు. అందరూ తలలూపారు, ఒక్క పిన్ని తప్ప.

"దాన్నుంచి రొద వస్తుందా?"

"చాలా చిన్నదండీ. తుమ్మెద రొదలా ఉంటుంది."

"తుమ్మెదైతే కాసేపటికి ఎగిరిపోతుంది. ఇది పోతుందా? నేనొప్పుకోను. గోడ ఎంత ఎత్తు?"

"ఎనిమిదడుగులు."

"అంత ఎత్తు గోడ వెనకాల దొంగ దాక్కుంటాడు."

"పోనీ ఐదు చేద్దామండీ."

"ఐదైతే దూకి వస్తాడు."

"మరేం చెయ్యమంటారు?"

"అసలు దొంగలు ఉండటానికే నేనొప్పుకోను."

ఇంజనీరు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. అతను వచ్చిన ప్రతిసారీ ఇదే వరస. ఒకరోజు గేటు రంగు, మరోరోజు పిట్టల సంగతి, ఇంకోరోజు తన ఇంట్లో పాలు తోడుకుంటాయా లేదా అన్న సంగతి.

ఇల్లాలు తన గుమ్మంలో నిలబడి, చెప్పాలనుకున్న ఒక్క ముక్కనూ లోపల్లోపలే కూడబలుక్కునేది: "బాబూ, ఈ వరండా మా ఆయన చేత్తో వేసింది." ఇంజనీరు ఇటు తిరగ్గానే కొంగు సర్దుకుని తల ఊపేసేది. అతను పాపం మంచివాడే. "మీరేం బెంగపడకండమ్మా, కొత్త వరండా కట్టిస్తారు. చక్కగా అన్నీ ఒకే రంగు టైల్స్‌తో" అన్నాడు ఓసారి. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

సందు విసిగిపోయింది. కిరాణా కొట్టు పెద్దాయన ఇంజనీరును పక్కకు పిలిచి చెవిలో ఊదాడు. చెవిలోనే అయినా ఆయన గొంతు సందంతా వినపడుతుంది. "బాబూ, ఆవిడను మనకు కావలసింది అడగకూడదు, వద్దనుకున్నది అడగాలి. గీత ఎదురింటివైపు కాదు, మీ ఇంటివైపు గీస్తామను. నేనొప్పుకోనంటుంది. అయితే ఎదురింటివైపేనండీ అని గీత ఖాయం చేసెయ్. అయిపోయింది."

"నాకు ఏ వైపైనా ఒకటేనండీ, రెండు ప్లాన్లూ ఉన్నాయి" అన్నాడు ఇంజనీరు, ప్రాణం లేచొచ్చినట్టు.

ఇల్లాలు కొట్టులో పప్పు పొట్లం పట్టుకుని అంతా విన్నది. ఇక వరండా అయిపోయిందని తెలిసిపోయింది. పిన్ని ఒప్పుకోననడం, పొద్దున సూర్యుడు రావడం, రెండూ ఒకటే కదా. ఇంటికొచ్చి మెట్టు మీద కూర్చుని పసుపు టైలు మీద చెయ్యి వేసింది.

మర్నాడు సందంతా పోగైంది. ఇంజనీరు గొంతు సవరించుకుని పిన్ని ముందు నిలబడ్డాడు. కిరాణా పెద్దాయన మీసం చాటున నవ్వుకుంటున్నాడు. బాబాయి పేపరు దించాడు.

"అమ్మా, ఆఖరి మాట. ఎదురింటి వైపు వదిలేసి, ఆ నాలుగడుగులూ మీ వైపు నుంచి తీసుకుంటాం. మీ గోడ పడగొట్టాలి. ఈ గులాబీ మొక్కలన్నీ పోతాయి. మరి..."

పిన్ని గోడను చూసింది. మొక్కల్ని చూసింది. "సరే" అంది.

"చూశారా, ఒప్పుకోరు. అయితే అటువైపే..." అంటూ రంగు డబ్బా తీసుకుని ఎదురింటి వైపు బయల్దేరాడు ఇంజనీరు, అలవాటుగా.

"ఏమయ్యా, చెవుడా? సరే అన్నాను."

సందు మొత్తం నోరు తెరిచింది. బాబాయి చేతిలో పేపరు జారిపోయింది. కిరాణా పెద్దాయన గోడకు చేరగిలబడి, "మంచినీళ్ళు" అన్నాడు.

పిన్ని గోడ కూలింది. గులాబీ మొక్కలు కుండీల్లోకి, కుండీలు మేడ మీదికి చేరాయి. పిన్ని ఇల్లు దుమ్ము కొట్టుకుపోయింది. ట్రాన్స్‌ఫార్మరు వచ్చిన రోజు బండికి అడ్డంగా నిలబడి, "ఇంకా ఎడమకి! అదేం తిప్పడం, నేనొప్పుకోను!" అని డ్రైవరుకు పిన్నే దారి చూపించింది. కొన్నాళ్ళకు ఫ్యాన్లు రెక్కలు కనిపించనంత వేగంగా తిరిగాయి. అంత గాలికి కూడా పిన్ని ఒప్పుకోలేదు, క్యాలెండరు చిరుగుతోందట.

ఒక సాయంత్రం పిన్ని ఓ చేత్తో తాపీ గుచ్చిన సిమెంటు గిన్నె, ఇంకో చేత్తో ఒక టైలు పట్టుకుని ఎదురింటికి వచ్చింది. తన గోడ పక్క మెట్టు కొట్టినప్పుడు పగలకుండా ఊడిన టైలు అది, ముదురు ఎరుపు. ఏమీ అడక్కుండా మూలన చతికిలబడి ఖాళీ చోటులో సిమెంటు మెత్తింది.

"పిన్నీ, ఆ రోజు మా కోసమే కదా సరే అన్నారు?" అంది ఇల్లాలు మెల్లగా.

"నేనొప్పుకోను. నేను కాదంటానని ఆ కుర్రాడు ముందే అనేసుకున్నాడు. వాడనుకున్నట్టు నేనంటానా?" టైలును ఆనించి తట్టింది. "ఆ గోడా ఎప్పటి నుంచో పడిపోయేటట్టే ఉంది."

ఆ గోడను పడగొట్టడానికి నలుగురు మనుషులు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చెమటలు కక్కిన సంగతి ఇల్లాలికి తెలుసు. పచ్చ, నీలం, ఇటుక రంగు, పసుపుల చివర ఆ కొత్త ఎరుపు దేనితోనూ కలవకుండా కూర్చుంది. దాన్ని చూస్తుంటే బాబాయి టీ సంగతి గుర్తొచ్చింది.

"ఎన్ని చేసినా ఈ వరండా బాగాలేదు పిన్నీ" అంది ముఖం సీరియస్‌గా పెట్టి.

"నేనొప్పుకోను!" పిన్ని తాపీ ఎత్తింది. "ఎవరు బాగాలేదన్నది? ఈ సందులో ఇంత కళగా ఉన్న వరండా ఇంకొకటి చూపించమను! ఆ వరసలు చూడు, ఎంత తిన్నగా..."

టక్కున ఆగిపోయింది. తాపీ గాల్లోనే ఉంది.

ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. ఎన్ని నెలలకో వచ్చిన నవ్వు, పట్టాలెక్కిన రైల్లా పోతూనే ఉంది.

"పందెం ఆయన గెలిచారు పిన్నీ."

"నేనొప్పుకోను" అంది పిన్ని, తాపీతో సిమెంటు మరోసారి సర్దుతూ. ఈసారి మాత్రం గట్టిగా అనలేదు.