చెల్లెలు పెట్టిన ఆప్షన్లు

నా చెల్లెలు కంప్యూటర్ ముందు కూర్చుని, తిరుపతి కాలేజీ పేరు పక్కనున్న గడిలో ఒకటి అని కొట్టిన మధ్యాహ్నం, ఆ పిల్ల చేతిని కీబోర్డు మీద నుంచి తోసేయాలనిపించింది నాకు. తోయలేదు. పక్కనే నిలబడి, “సేవ్ నొక్కు, కరెంటు పోతాది” అన్నాను.

అసూయ అంటే ఏమిటో నాకు అంతకు ముందు తెలియక కాదు. కానీ ఒకే కంచంలో తిన్న పిల్ల మీద అంత మంట పుడుతుందని అనుకోలేదు.

మాది ముద్దనూరుకూ జమ్మలమడుగుకూ మధ్య ఒక పల్లె. నాయన గొర్రెలు మేపేవాడు, కాస్త మెట్టచేను కూడా ఉండేది. ఊళ్లో రెండు పార్టీలు. మేము ఏ పార్టీలో ఉండాలో మమ్మల్ని ఎవరూ అడగలేదు. గొర్రెలు తోలుకుపోయే బీడు ఎవరి చేతిలో ఉంటే మేము వాళ్ల మనుషులం. ఓటు వాళ్లకే, పెళ్లికి పోయినా వాళ్లింటి పెళ్లికే. అవతలి పార్టీ వీధిలో ఉన్న అంగడికి అమ్మ ఉప్పు కోసం కూడా పోయేది కాదు.

నేను ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను. ఇంజనీరింగ్ ఎంట్రన్సులో మా బ్యాచీలో ఎవరికీ రానంత మంచి ర్యాంకు నాకొచ్చింది. ఆ రోజుల్లో సీటు కావాలంటే, మన ర్యాంకును పిలిచిన రోజున సర్టిఫికెట్లన్నీ పట్టుకుని తిరుపతికి పోయి, కౌన్సెలింగు హాల్లో మనిషే నిలబడాలి. నేను చేరాలనుకున్న కాలేజీ కూడా ఆ ఊళ్లోనే. ఆ రోజు తప్పితే ఆ ర్యాంకు ఎందుకూ పనికిరాదు.

మా ప్రయాణానికి కాస్త ముందు జమ్మలమడుగు రోడ్డు మీద ఒక మనిషిని చంపారు. అవతలి పార్టీ మనిషి. మరుసటి పొద్దుకు బస్సులు ఆగిపోయాయి. మా వైపు మగవాళ్లంతా ఇళ్లు విడిచి పోయారు. కేసులో ఎవరి పేరు రాస్తారో, దారిలో ఎవరు కాపు కాస్తారో తెలియదు. ఆ వేళప్పుడు గొర్రెల దగ్గర ఉన్న నాయన కూడా కొండ మీదికి పోయాడు.

నేను సంచి సర్దుకుని వాకిట్లో కూర్చున్నాను. “ఒక్కదాన్నే పోతా, జీపు దొరికితే చాలు” అన్నాను.

“యాడికి పోతావు? మీ నాయన పేరు అడిగితే ఏం సెప్తావు?” అంది అమ్మ. అని, సంచి తీసుకుపోయి బియ్యం డ్రమ్ము మీద పెట్టి, దాని పక్కనే కూర్చుంది.

ఆ రోజు అలా గడిచిపోయింది. నాకంటే ఎంతో వెనక ర్యాంకు వచ్చిన స్నేహితురాలు తిరుపతిలో ఆ కాలేజీలోనే చేరింది. ఆమె నాయన ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారి, ఏ పార్టీతోనూ పని లేనివాడు. నేను ప్రొద్దుటూరులోనే డిగ్రీలో చేరాను. సెలవుల్లో ఆమె వచ్చి ల్యాబుల గురించి చెబుతుంటే, పని ఉందని చెప్పి మధ్యలోనే లేచి వచ్చేదాన్ని.

డిగ్రీ అయ్యాక ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనికి కుదిరాను. దాని యజమానిని అందరూ భాయ్ అనేవాళ్లు. కౌన్సెలింగు ఆన్‌లైన్లోకి మారింది అప్పుడే. సర్టిఫికెట్లు దగ్గర్లోని కాలేజీలో చూపించి వస్తే చాలు. ఆ తర్వాత రాష్ట్రంలోని కాలేజీలన్నీ ఒకే సైటులో ఉంటాయి. ఏది ముందు కావాలో ఏది తర్వాతో వరుసగా నంబర్లు వేసుకుంటూ పోవడమే. ఏ ఊరికీ పోనక్కర లేదు.

మొదటి ఏడాది జనం నమ్మలేదు. ఒక నాయకుడి అనుచరుడు తన తమ్ముడి కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

“పెద్దాయన లెటర్ ఇచ్చినాడు పాపా. ఇది యాడ పెట్టల్ల?”

“ఈడ లెటర్ పెట్టే చోటు లేదప్పా.”

“పెద్దాయన లెటరమ్మా!”

“ఎవురిదైనా అంతే. ర్యాంకు కొడితే సాలు.”

ఆయన స్క్రీను వెనక్కి వంగి చూశాడు, అక్కడేమైనా కంత ఉందేమోనన్నట్టు. బెంచీ మీదున్న వాళ్లు నవ్వారు. ఆ బెంచీ మీద పులివెందుల వైపు నుంచి వచ్చిన రైతులు, జమ్మలమడుగు నుంచి వచ్చినవాళ్లు, ఒకరి మొహం ఒకరు చూడని పార్టీల తండ్రులు, మోకాలికి మోకాలు తగులుతూ కూర్చునేవాళ్లు. మా పిల్లకు ఈ ర్యాంకుకు అనంతపురం వస్తుందా అని ఒకాయన అడిగితే, అవతలాయన జవాబు చెప్పేవాడు.

అందరూ నన్ను మెచ్చుకునేవాళ్లు. “ఈ పాప పెడితే సీటు వచ్చినట్లే” అనేవాళ్లు. నేను ఒక్కొక్కరికీ కాలేజీ కోడ్లు కొడుతూ, ఈ పిల్లకేం కష్టమొచ్చింది, బస్సు దిగి ఇంత దూరం నడిచింది, అంతేగా అనుకునేదాన్ని. ఎవరి ఆప్షన్లూ తప్పు పెట్టలేదు. కానీ ఎవరి సీటుకూ సంతోషించలేదు.

ఇంకో రెండేళ్లకు మా చెల్లెలి వంతు వచ్చింది. ర్యాంకు నా ర్యాంకు కంటే చాలా వెనక. నాయన దాన్ని వెంటబెట్టుకుని సెంటరుకు వచ్చాడు. అప్పటికి మా ఊళ్లో రాజీలు జరిగాయి, పార్టీల పేర్లు మారాయి, బీడు కూడా చేతులు మారింది.

చెల్లెలు తిరుపతి కాలేజీకి ఒకటి కొట్టింది, సేవ్ చేసింది. నా వైపు తిరిగి, “రెండోది ఏది పెట్టల్లక్కా?” అంది.

“ప్రొద్దుటూరుది పెట్టు. నా కాడే ఉండొచ్చు.”

“ప్రొద్దుటూరా? శానా దగ్గర. నేను దూరం పోతా.” నవ్వింది. “ఒకటోది మాత్రం నీదే. నువ్వు పోవాల్సిన కాలేజీ అని పెట్టినా.”

అది ప్రేమతోనే అన్నది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

“నా కాలేజీ నీకేమిటికి? నాది నాకు రానప్పుడు నువ్వు తీసుకుంటావా?”

బెంచీ మీదున్న వాళ్లంతా మా వైపు తిరిగారు. చెల్లెలి కళ్లలో నీళ్లు తిరిగాయి. భాయ్ ఏదో పని ఉన్నట్టు ప్రింటరు మూత తీసి లోపలికి చూడసాగాడు.

నాయన లేచి వచ్చాడు. ఆ రోజుల గురించి ఆయన ఇంట్లో ఒక్క మాట కూడా ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు. నా సీటు పోయినా ఆయన పట్టించుకోలేదులే అనుకున్నాను.

“పాపా, ఆ పొద్దు నేను కొండ దిగి ముద్దనూరు టేసన్‌కు పోయినా. బస్సు లేకుంటే రైలన్నా ఎక్కిచ్చొచ్చేమోనని. టేసన్లో వాళ్ల మనుషులు కూర్చోనుండ్రి. తలకు తువ్వాలు సుట్టుకొని, కట్టెలు కొట్టేవాని మాదిరి వెనక్కి నడిసొచ్చినా. నిన్ను ఆడికి తెస్తే ఏమైతాదో అని బయమేసింది.”

“నాకెందుకు సెప్పలేదు?”

“ఏమని సెప్పల్ల? బయపడితినని సెప్పల్లనా?”

ఇన్నేళ్లూ అమ్మ మీద, ఆయన మీద పెంచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంత విన్నాక అసూయ కూడా పోయి ఉంటే బాగుండేది. పోలేదు. కుర్చీ లాక్కుని చెల్లెలి పక్కన కూర్చుని, మిగతా వరుసంతా దానికి నచ్చినట్టే పెట్టించాను. ప్రొద్దుటూరుది చిట్టచివర వేసింది.

దానికి తిరుపతే వచ్చింది, మొదటి విడతలోనే. చేర్పించడానికి నేనే తోడు పోయాను. కాలేజీ గేటు దగ్గర అది నా చేయి పట్టుకుంది. నేను మాత్రం లోపలి రోడ్డు వైపు, పుస్తకాలు గుండెకు హత్తుకుని నడుస్తున్న ఆడపిల్లల వైపు చూస్తూ ఉన్నాను. తిరుగు రైల్లో ఏడ్చాను. చెల్లెల్ని వదిలి వచ్చినందుకని ఎదుటి సీటులో ఉన్నామె ఓదార్చింది. ఆమెతో నిజం చెప్పలేదు.

ఆ ఏడాదంతా అది ఫోన్ చేసినప్పుడల్లా పొడిపొడిగా మాట్లాడేదాన్ని. చివరికి ఒకరోజు అదే విసుక్కుంది. “ఇంత కుళ్లు పెట్టుకునేదానికి నువ్వే ఒక ఎంట్రన్సు రాయొచ్చు కదా! ఎంసీఏకు నీ డిగ్రీ సరిపోతాది. ఊరందరికీ ఆప్షన్లు పెడతావు, నీకు పెట్టుకోలేవా?”

ఫోన్ పెట్టేశాను. దాని మాట నిజమని ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. సెంటరు పని చూసుకుంటూనే చదివి పరీక్ష రాశాను. ర్యాంకు గొప్పదేం కాదు. నా వంతు వచ్చినప్పుడు భాయ్ కుర్చీ తుడిచి మరీ కూర్చోబెట్టాడు. ఎన్నో వందల మందికి తడుముకోకుండా పెట్టిన నేను, నా వరుస దగ్గర ఒక కోడు తప్పు కొట్టి, మళ్లీ దిద్దుకున్నాను.

తిరుపతి రాలేదు, కడప వచ్చింది. చేరాను. మొదటి రోజు క్లాసులోకి అడుగుపెడితే పిల్లలందరూ గబగబా లేచి నిలబడి “గుడ్‌మార్నింగ్ మేడం” అన్నారు.

“కూర్చోండప్పా, నేనూ మీ మాదిరే” అని చెప్పి, వెనక బెంచీలో ఖాళీ చూసుకుని కూర్చున్నాను.